లోకం తిట్టిన ఆట నచ్చితే తప్పా?

2024 మే మొదటి వారాంతంలో ‘హెల్‌డైవర్స్ 2’ అనే వీడియో గేమ్ మీద 2 లక్షలకు పైగా వ్యతిరేక రివ్యూలు వచ్చిపడ్డాయి. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణాల్లో అతి పెద్దదైన స్టీమ్‌లో అప్పటిదాకా ఆ ఆటకు మంచి పేరే ఉంది. ఫిబ్రవరిలో విడుదలైన ఆ ఆట 12 వారాల్లో కోటీ 20 లక్షల కాపీలు అమ్ముడైంది. అలాంటి ఆటకు రెండు మూడు రోజుల్లోనే, దాదాపు ఎవరికీ నచ్చడం లేదని చెప్పే ముద్ర పడింది.

ఆ రెండు మూడు రోజుల్లో ఆటలో మారిందేమీ లేదు. మారింది ఒక నిబంధన. స్వీడన్‌కు చెందిన ఆరోహెడ్ స్టూడియో తయారుచేసిన ఈ ఆటను ప్రచురించింది సోనీ. స్టీమ్‌లో కొన్నవాళ్లు కూడా ఇకపై తమ ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లో ఖాతా తెరిచి, దాన్ని ఆటకు జతచేయాలని సోనీ ప్రకటించింది. చిక్కేమిటంటే ఆ నెట్‌వర్క్ అన్ని దేశాల్లో లేదు. అది లేని 170కి పైగా దేశాల్లో, ప్రాంతాల్లో ఆట అమ్మకం ఆగిపోయింది. దక్షిణాసియాలో చూస్తే ఆ సేవ భారత్‌లో ఉంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంకల్లో లేదు. హైదరాబాద్‌లో ఆడే కుర్రాడికి ఇది గుర్తుపెట్టుకోవాల్సిన మరో పాస్‌వర్డ్ మాత్రమే. ఢాకాలోనో లాహోర్‌లోనో ఆడే కుర్రాడికి మాత్రం డబ్బు పెట్టి కొన్న ఆట చేజారిపోవడం. గొడవ పెరగడంతో మే 6న సోనీ ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది. అమ్మకాలు ఆగిన దేశాల్లో మాత్రం అవి వెంటనే తిరిగి మొదలు కాలేదు.

ఈ ఘటనలో ఆలోచించాల్సిన విషయం మరొకటి ఉంది. స్టీమ్‌లో ప్రతి రివ్యూ పక్కనా రాసినవారు ఆ ఆట ఎన్ని గంటలు ఆడారో కనిపిస్తుంది. ఆ వారాంతంలో ‘ఈ ఆట కొనవద్దు’ అని నొక్కినవారిలో పదుల గంటలు, వందల గంటలు ఆడినవారు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఆట నచ్చకపోవడం కాదు, బాగా నచ్చింది. నచ్చిన ఆట పోతుందనే భయంతోనే దాన్ని తిట్టారు. అంటే ఆ వారం స్టీమ్ చూపిన అంకె ఆట గురించి చెప్పింది దాదాపు ఏమీ లేదు. అమ్మినవాడికీ కొన్నవాడికీ మధ్య నడిచిన తగాదా గురించి మాత్రం సరిగ్గానే చెప్పింది.

ఇంటర్నెట్‌లో ఘోరంగా తిట్లు తిన్న ఆట ఒక మనిషికి నిజంగా నచ్చితే, ఆ ఇష్టాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న ప్రశ్నకు జవాబు వెతకాల్సింది ఇక్కడి నుంచే.

చుక్కలతో నిరసన

రేటింగును నిరసనకు వాడటం భారతీయులకు కొత్త కాదు. 2017 ఏప్రిల్‌లో స్నాప్‌చాట్ అధిపతి భారత్‌ను పేద దేశమని తక్కువచేసి మాట్లాడారని ఆ కంపెనీ మాజీ ఉద్యోగి ఒకరు కోర్టు దావాలో ఆరోపించారు. కంపెనీ ఆ ఆరోపణను ఖండించింది. ఆలోగా వేలమంది ఆ యాప్‌కు ఒక్క చుక్క ఇచ్చి కోపం తీర్చుకున్నారు. పేరు దగ్గరగా ఉన్న పాపానికి, ఏ సంబంధమూ లేని మన దేశపు షాపింగ్ యాప్ స్నాప్‌డీల్‌కు కూడా ఒక్క చుక్కలు పడ్డాయి. 2020 మేలో యూట్యూబ్ అభిమానులకూ టిక్‌టాక్ అభిమానులకూ గొడవ వచ్చినప్పుడు టిక్‌టాక్ రేటింగు ప్లే స్టోర్‌లో రెండు చుక్కల కిందికి పడిపోయింది. చివరికి గూగుల్ లక్షల సంఖ్యలో రివ్యూలను తీసేయాల్సి వచ్చింది.

వీడియో గేముల్లో ఈ పద్ధతికి ‘రివ్యూ బాంబింగ్’ అని పేరు. 2017 సెప్టెంబరులో ‘ఫైర్‌వాచ్’ అనే చిన్న ఆట మీద ఇలాంటి దాడే జరిగింది. ప్యూడీపై అనే ప్రసిద్ధ యూట్యూబర్ ఒక ప్రత్యక్ష ప్రసారంలో జాతిని కించపరిచే మాట అన్నందుకు, తమ ఆటతో చేసిన అతని వీడియోను తొలగించాలని తయారీదారులు కోరారు. అతని అభిమానులు ఆ కోపాన్ని ఆట మీద చూపించారు. ఏ రోజు ఎన్ని రివ్యూలు వచ్చాయో చూపే పట్టికలను స్టీమ్ ఆ నెలలోనే ప్రవేశపెట్టింది. 2019 మార్చిలో ఇంకో అడుగు వేసి, ఆటతో సంబంధం లేని కారణాలతో వచ్చిపడే రివ్యూలను మొత్తం అంకెలో కలపబోమని ప్రకటించింది.

మాట వినడానికి బాగానే ఉంది. ఆచరణలో గీత ఎక్కడ గీయాలన్నదే సమస్య. ‘హెల్‌డైవర్స్ 2’ ఖాతా నిబంధన ఆటకు సంబంధించిన విషయమా, కాదా? ఢాకా కుర్రాడిని అడిగితే అంతకంటే సంబంధించిన విషయం ఇంకోటి లేదంటాడు. ఆడనివ్వని ఆట ఎంత బాగుంటే మాత్రం ఏం లాభం? కొనుగోలుదారుడికి వేల కోట్ల కంపెనీ ముందు గొంతు విప్పడానికి ఉన్న చోటు ఆ రివ్యూ పెట్టె ఒక్కటే. దాన్ని వాడుకోవడాన్ని అల్లరి అని కొట్టిపారేయలేం.

కాబట్టి ఆన్‌లైన్ విమర్శ అంతా గుంపు మనస్తత్వమే అనడం సరికాదు. గుంపు అన్నది ఎప్పుడూ నిజమే అనడమూ సరికాదు. ఒకే అంకెలో రెండు వేర్వేరు ప్రశ్నల జవాబులు కలిసిపోవడమే చిక్కు. అమ్మినవాడు నిజాయితీగా అమ్మాడా అన్నది ఒక ప్రశ్న. ఆడినవాడికి ఆట ఏమిచ్చింది అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి వేలమంది కలిసి జవాబు చెప్పగలరు. రెండోదానికి ఆడినవాడే చెప్పాలి.

ఖాళీ గ్రహాల మీద మిగిలినవారు

ఈ రెండు ప్రశ్నలూ ఎలా విడిపోతాయో చూపడానికి ‘నో మ్యాన్స్ స్కై’ కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్ పట్టణంలో ఉన్న హలో గేమ్స్ అనే చిన్న స్టూడియో దీన్ని తయారుచేసింది. 2016 ఆగస్టులో విడుదలయ్యేనాటికి దాని మీద ఉన్న ఆశలు అంతా ఇంతా కావు. గణిత సూత్రాల ఆధారంగా కంప్యూటర్ తనంతట తానే పుట్టించే గ్రహాలు, 18 పక్కన 18 సున్నాలు పెడితే వచ్చేదానికంటే ఎక్కువ సంఖ్యలో ఉంటాయన్నారు. ఒక ఆటగాడు ఇంకో ఆటగాడికి ఎదురుపడొచ్చని స్టూడియో అధిపతి షాన్ మర్రీ ఇంటర్వ్యూల్లో చెప్పారు.

విడుదలైన తొలి రోజుల్లోనే ఇద్దరు ఆటగాళ్లు ఒకే గ్రహం మీద ఒకే చోటికి చేరుకున్నారు. ఇద్దరూ ఒకరికొకరు కనిపించలేదు. చెప్పినదానికీ ఇచ్చినదానికీ ఉన్న తేడా అక్కడ బయటపడింది. తొలి రోజుల్లో స్టీమ్‌లో ఒకేసారి 2 లక్షల మందికి పైగా ఆడిన ఆట, రెండు నెలలు తిరిగేసరికి కొద్ది వేలమందికి పడిపోయింది. డబ్బు వాపసు ఇవ్వాలని వేలమంది అడిగారు. ప్రకటనలు మోసపూరితంగా ఉన్నాయంటూ బ్రిటన్ ప్రకటనల ప్రమాణాల సంస్థకు ఫిర్యాదులు వెళ్లాయి. విచారణ జరిపిన ఆ సంస్థ నిబంధనల ఉల్లంఘన లేదని తేల్చింది. 60 డాలర్లు పోసి కొన్నవారి కోపం మాత్రం అర్థం చేసుకోదగిందే. వాళ్లు అడిగింది మొదటి ప్రశ్న. దానికి వాళ్లిచ్చిన జవాబు తప్పు కాదు.

అయితే ఆ కొద్ది వేలమంది ఎందుకు మిగిలారు? అలవాటు కొద్దీ కాదు, కంపెనీ మీద అభిమానంతోనూ కాదు. ఆ ఆటలో ఒక గ్రహం మీద దిగితే ఎవరూ ఉండరు. ఎర్రటి గడ్డి, వింత జంతువులు, గాలి చప్పుడు. ఏ పని చేయాలో తొందరపెట్టేవారు లేరు, ఓడించాల్సిన శత్రువు దాదాపు లేడు. కనుగొన్న జంతువుకూ మొక్కకూ పేరు పెట్టవచ్చు. మళ్లీ ఓడ ఎక్కి ఇంకో గ్రహానికి వెళ్లిపోవచ్చు. ‘చేయడానికి ఏమీ లేదు’ అని తిట్టినవారు చెప్పింది నిజం. పగలంతా పని చేసి ఇంటికి వచ్చిన మనిషికి, రాత్రి ఓ గంటసేపు ఏమీ చేయనక్కర్లేని చోటు దొరకడం ఊరట కావడమూ అంతే నిజం. మిగిలినవారిలో కొందరు 2016లోనే ఆ విశాలమైన అంతరిక్షంలో ఒక మూలను తమ ఊరుగా ఎంచుకుని, దానికి ‘గెలాక్టిక్ హబ్’ అని పేరు పెట్టుకున్నారు. ఒకరికొకరు కనిపించకపోయినా అందరూ అక్కడికే ప్రయాణం కట్టి చేరుకున్నారు.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. హలో గేమ్స్ మాటలు తగ్గించి పనిలో పడింది. 2016 నవంబరు నుంచి ఒకదాని తర్వాత ఒకటి ఉచితంగా అప్‌డేట్లు ఇచ్చింది. 2018 జులైలో ఆటగాళ్లు ఒకరికొకరు నిజంగా కనిపించడం మొదలైంది. 2019లో అభిమానులు చందాలు వేసుకుని స్టూడియో దగ్గర కృతజ్ఞతలు చెబుతూ హోర్డింగ్ పెట్టించారు. విడుదలైన 8 ఏళ్లకు, 2024 నవంబరులో, స్టీమ్‌లో ఆ ఆట మొత్తం రేటింగు ‘చాలా సానుకూలం’ స్థాయికి చేరింది.

ఈ కథను సాధారణంగా ‘చివరికి గెలిచిన ఆట’గా చెబుతుంటారు. తొలినాళ్లలో నచ్చినవారు ముందే పసిగట్టారనీ, కాలం వాళ్లను సమర్థించిందనీ అంటారు. అది సగమే నిజం. వాళ్లకు నచ్చింది 2024 నాటి ఆట కాదు, 2016 నాటి ఆట. ఎవరూ లేని, ఏ పనీ లేని ఆ ఖాళీ ఆటే వాళ్లకు నచ్చింది. రేటింగు ఎప్పటికీ పెరగకపోయినా వాళ్ల ఇష్టం విలువ తగ్గేది కాదు. ఒకరి ఇష్టానికి ఎనిమిదేళ్ల తర్వాత వచ్చే మార్కుల జాబితా సాక్ష్యం పలకనక్కర్లేదు.

ఈ కథతో ఇంకో ప్రమాదమూ ఉంది. ‘ముందు అమ్మేద్దాం, తర్వాత బాగుచేద్దాం’ అనే ధైర్యాన్ని ఇది కంపెనీలకు ఇస్తుంది. 2020 డిసెంబరులో పోలండ్ కంపెనీ సీడీ ప్రాజెక్ట్ రెడ్ తెచ్చిన ‘సైబర్‌పంక్ 2077’ పాత కన్సోళ్ల మీద ఎంత అధ్వానంగా నడిచిందంటే, వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన దుకాణం నుంచి తీసేసింది. ఆరు నెలల తర్వాతే మళ్లీ పెట్టింది. 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 అప్‌డేట్‌తో ఆ ఆటకు మంచి పేరు వచ్చింది. కానీ విడుదల రోజున పూర్తి ధర పెట్టి కొన్నవారికి ఆ మూడేళ్లు ఎవరూ తిరిగి ఇవ్వలేరు. తర్వాత బాగుపడిందన్న కారణంతో మొదట జరిగిన తప్పు మాఫీ కాదు. మొదట తప్పు జరిగిందన్న కారణంతో ఆటలో ఉన్న మంచి కూడా మాయం కాదు.

తిట్టిన చోటే మెచ్చిన చోటు

విమర్శలు మోసిన ఆటలను వరుసగా చూస్తే ఒక విషయం తేలుతుంది. చాలాసార్లు ఒకరు తప్పుగా చూపేదీ, ఇంకొకరు ఇష్టపడేదీ ఒక్కటే.

జపాన్ దర్శకుడు హిదేవో కొజిమా 2019 నవంబరులో తెచ్చిన ‘డెత్ స్ట్రాండింగ్’ ఇందుకు మంచి ఉదాహరణ. అందులో నాయకుడి పని వీపు మీద మూటలు కట్టుకుని కొండలు, వాగులు దాటి సరుకు చేరవేయడం. బరువు ఒక పక్కకు ఒరిగితే పడిపోతాడు, వాగు లోతైతే కొట్టుకుపోతాడు. కొరియర్ పనిని కూడా ఆట అంటారా అని ఎందరో ఎగతాళి చేశారు. అదే ఆటలో, ఎక్కడో ఉన్న ఒక ఆటగాడు వాగు మీద వేసిన నిచ్చెన, తర్వాత అటు వచ్చే ఇంకో ఆటగాడికి పనికొస్తుంది. ఇద్దరూ ఎప్పటికీ ఎదురుపడరు. కష్టమైన దారిలో ముక్కూమొహం తెలియనివాడు వదిలిపెట్టిన నిచ్చెన కనిపించినప్పుడు కలిగే సంతోషం ఆ నడక కష్టం లేకుండా రాదు. నడకను విసుగన్నవారు అబద్ధం చెప్పలేదు. ఆ విసుగును భరించినవారికి దక్కింది కూడా అబద్ధం కాదు. కొద్ది నెలలకే కరోనా వచ్చి ప్రపంచమంతా ఇళ్లలో చిక్కుకుని డెలివరీ కుర్రాళ్ల కోసం ఎదురుచూసినప్పుడు, ఆ ఆట కొత్తగా అర్థమైనవారు ఎందరో ఉన్నారు.

2020 జూన్ 19న విడుదలైన ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ది మరో రకం కథ. ఆట పూర్తి చేయడానికి 20 గంటలకు పైగా పడుతుంది. విడుదలైన కొద్ది గంటలకే మెటాక్రిటిక్ వెబ్‌సైటులో వేల సంఖ్యలో సున్నాలు పడ్డాయి. విమర్శకుల సగటు 93 ఉంటే, వినియోగదారుల సగటు తొలి రోజుల్లో 10కి 4 కూడా దాటలేదు. తర్వాత నెలలో మెటాక్రిటిక్ తన పద్ధతి మార్చింది. ఆట విడుదలయ్యాక 36 గంటలు గడిచేవరకు వినియోగదారులు రేటింగు ఇవ్వకూడదని నిబంధన పెట్టింది.

సున్నాలు వేసినవారందరూ ఒక బాపతు కాదు. ఆడవాళ్లు ప్రధాన పాత్రలు కావడం, స్వలింగ ప్రేమ కథలో ఉండటం గిట్టనివారు కొందరు. ముందే లీకైన కథ చదివి కోపం తెచ్చుకున్నవారు కొందరు. మొదటి భాగంలో ప్రాణంగా చూసుకున్న జోయెల్ పాత్రను రెండో భాగం మొదట్లోనే చంపేయడం తట్టుకోలేనివారు ఇంకొందరు. పైగా ఆట సగం అయ్యాక, చంపిన ఆబీ పాత్రనే ఆటగాడి చేతికిచ్చి నడిపించమంటుంది ఆ ఆట. కోపం వచ్చేది అక్కడే. నచ్చినవారికి నచ్చిందీ అక్కడే. సినిమాలో శత్రువును చూస్తాం. ఇక్కడ శత్రువు కాళ్లతో నడవాలి, ఆమె భయాలతో చీకటి గదుల్లోకి వెళ్లాలి. పగ తీర్చుకోవడానికి కూర్చున్న మనిషి చేత అవతలి మనిషి బతుకు బతికించడం వేరే ఏ కళకూ ఇంత సూటిగా సాధ్యం కాదు.

ఆబీకి గొంతునిచ్చిన నటి లారా బెయిలీకి చంపేస్తామంటూ బెదిరింపులు వచ్చాయి. కథ నచ్చలేదని చెప్పడం పాఠకుడి, ప్రేక్షకుడి, ఆటగాడి హక్కు. జీతానికి నటించిన మనిషిని బెదిరించడం విమర్శే కాదు.

గల్వాన్ ఆట, రెండు వైపుల చుక్కలు

భారత్‌లో ఈ చర్చ అంతా ఒక్క ఆట చుట్టూ తిరిగిన సందర్భం ‘ఫౌజీ’. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్‌బాబుతో సహా 20 మంది భారత సైనికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఏడాది సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌తో కలిపి 118 యాప్‌లను నిషేధించింది. రెండు రోజులకే నటుడు అక్షయ్ కుమార్ ‘ఫౌజీ’ని ప్రకటించారు. బెంగళూరుకు చెందిన ఎన్‌కోర్ గేమ్స్ తయారుచేస్తున్న ఈ ఆట ఆదాయంలో 20 శాతం ‘భారత్ కే వీర్’ ట్రస్టుకు వెళ్తుందన్నారు. 2021 గణతంత్ర దినోత్సవం నాడు విడుదలైంది. దానికి ముందురోజే కర్నల్ సంతోష్‌బాబుకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు.

అంతటి ఉద్వేగం మధ్య వచ్చిన ఆటకు తొలి గంటల్లో ఐదు చుక్కలు కుప్పలు తెప్పలుగా పడ్డాయి. అందులో చాలా చుక్కలు ఆటకు కావు, దేశానికి. ఆ తర్వాత ఒక్క చుక్కల వంతు వచ్చింది. కొద్ది రోజుల్లో ప్లే స్టోర్ రేటింగు మూడు దగ్గరికి దిగివచ్చింది. ఆ ఒక్క చుక్కల్లోనూ చాలావరకు ఆటకు కావు, పబ్‌జీ పోయిన బాధకు. పబ్‌జీ స్థానంలో ఇంకో పబ్‌జీ వస్తుందని ఎదురుచూసినవారికి దొరికింది పూర్తిగా వేరే సరుకు. ఒంటరిగా ఆడే కథ, మంచుకొండల్లో గుంపులుగా మీదికొచ్చే శత్రువులతో బాహాబాహీ. తుపాకులు లేవు. స్నేహితులతో కలిసి ఆడే వీలూ అప్పటికి లేదు.

నెట్‌లో ఎక్కువగా వినిపించిన ఫిర్యాదు, ఎగతాళి తుపాకుల గురించే. సైనికుడి ఆటలో తుపాకీ లేకపోవడమేమిటని నవ్వారు. నిజానికి ఆ ఆటలో వాస్తవానికి దగ్గరగా ఉన్నది అదొక్కటే. వాస్తవాధీన రేఖ దగ్గర తుపాకులు వాడకూడదన్న ఒప్పందాలు ఉండటంతో గల్వాన్‌లో కాల్పులు జరగలేదు. రాళ్లు, ఇనుప రాడ్లు, మేకులు బిగించిన కర్రలతో చేతికి చేయిగా ఆ ఘర్షణ జరిగింది. తుపాకీ లేని సైనికుడు చలిలో చేతులతో పోరాడటం ఒక పేలవమైన ఆటలోనూ కొంత బరువున్న దృశ్యమే. ఆ మాట అప్పుడు గట్టిగా వినిపించలేదు. ఆట మంచిదంటే ప్రభుత్వ భజన, చెడ్డదంటే దేశద్రోహం అయిపోయిన చోట, ‘ఆట పేలవంగానే ఉంది కానీ ఈ ఒక్క సంగతి నచ్చింది’ అనే మనిషికి నిలబడే చోటు లేకుండా పోయింది.

ఫౌజీ గొప్ప ఆట అని ఎవరూ అనలేరు. ఒకే రకం పోరాటం పదేపదే వస్తుంది, కదలికలు మొరటుగా ఉంటాయి. కానీ ఏది బాగుంది, ఏది బాగాలేదు, ఎందుకు అనే వివరం తయారీదారులకు అందాలంటే ఎవరో ఒకరు ఆడి, ఆలోచించి చెప్పాలి. దేశభక్తి ఐదు చుక్కల నుంచి వాళ్లు నేర్చుకునేది ఏమీ లేదు. పబ్‌జీ ఒక్క చుక్కల నుంచీ ఏమీ లేదు. పెద్ద బడ్జెట్ ఆటలు తీసిన అనుభవం ఇంకా పెద్దగా లేని దేశంలో ఇది చిన్న నష్టం కాదు. హైదరాబాద్, పుణె, బెంగళూరుల్లో ఎందరో యువకులు విదేశీ ఆటలకు బొమ్మలు గీసి, తప్పులు వెతికి పెట్టే ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్లలో ఒకరు రేపు సొంత ఆట తీస్తే, అది మొదటిసారికే నున్నగా రాదు. అందులోని ఒక్క మంచి సంగతిని గుర్తించి చెప్పేవారు లేకపోతే రెండో ఆట రాదు.

ఇష్టాన్ని దాచుకోవడం ఎందుకు?

తెలుగువారికి ఈ అనుభవం సినిమాల్లో బాగా తెలుసు. 2010లో వచ్చిన ‘ఖలేజా’, ‘ఆరెంజ్’ రెండూ విడుదలైనప్పుడు ఫ్లాప్ ముద్ర వేసుకున్నవే. నిర్మాతలకు నష్టాలు మిగిల్చినవే. తర్వాత టీవీలో చూసి చూసి జనం వాటికి దగ్గరయ్యారు. ‘ఆరెంజ్’ 2023లో, ‘ఖలేజా’ 2025లో మళ్లీ విడుదలైతే హాళ్లు నిండాయి. మొదటి రోజే హాల్లో కూర్చుని ‘నాకు నచ్చింది’ అన్న కుర్రాడిని 2010లో స్నేహితులు వింతగా చూసి ఉంటారు. అతనికి ఆనాడు నచ్చడానికి 2025 నాటి హాళ్ల సందడి కారణం కాదు కదా.

సినిమాకూ ఆటకూ ఒక తేడా ఉంది. సినిమా హాల్లో వందమందీ చూసేది ఒకే బొమ్మ. ఆటలో ఒకరు వెళ్లిన దారిలో ఇంకొకరు వెళ్లరు. ఒకరు పది గంటలు యుద్ధం చేస్తే, ఇంకొకరు అదే ఆటలో పది గంటలు చేపలు పడతారు. కాబట్టి ‘ఆట ఇలా ఉంది’ అని చెప్పే మాటలో ‘నేను ఇలా ఆడాను’ అన్నది కలిసే ఉంటుంది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్న సామెత ఆటల విషయంలో మరింత నిజం. ఇక్కడ వండుకునేవాడూ తినేవాడూ కొంతవరకు ఒక్కడే.

అయినా చాలామంది తమ ఇష్టాన్ని బయటకు చెప్పరు. చెబితే రెండు నిందలు ఎదురవుతాయి. ‘నీకు మంచీ చెడూ తెలియదు’ అన్నది మొదటిది. ‘నువ్వు కంపెనీ మనిషివి’ అన్నది రెండోది. మొదటి నిందకు జవాబు ఏం నచ్చిందో వివరంగా చెప్పడమే. రెండో నింద వచ్చేది ఆ రెండు ప్రశ్నలను కలిపేసినందువల్ల. ఆట నచ్చడమంటే అమ్మినవాడిని వెనకేసుకురావడం కాదు. ‘సైబర్‌పంక్’లోని నగరం వీధులను ప్రేమిస్తూనే, ఆ ఆటను ఆ స్థితిలో అమ్మడం తప్పని చెప్పవచ్చు. ‘హెల్‌డైవర్స్’ను రోజూ ఆడుతూనే ఢాకా కుర్రాడి తరఫున వ్యతిరేక రివ్యూ రాయవచ్చు. 2024 మేలో ఎంతోమంది చేసింది అదే. వాళ్ల ఇష్టానికీ కోపానికీ పోట్లాట రాలేదు. ఇష్టం ఉండబట్టే కోపానికి బలం వచ్చింది.

కొనేవారి వైపు నుంచి చూస్తే డబ్బు ప్రశ్న ఉంది. భారత్‌లో పెద్ద ఆటల ధర మూడు వేల నుంచి ఐదు వేల రూపాయల దాకా పలుకుతుంది. అంత పెట్టేముందు రేటింగు చూడటం అవసరమే, తప్పేమీ కాదు. అయితే అంకె దగ్గరే ఆగిపోకూడదు. వ్యతిరేక రివ్యూలు ఏ తేదీల్లో గుంపుగా వచ్చాయి? రాసినవారు ఎన్ని గంటలు ఆడారు? కోపం ఖాతా మీదా, ధర మీదా, సాంకేతిక లోపాల మీదా, లేక ఆట మీదా? ఆటలో ఏది నచ్చలేదని వాళ్లు అంటున్నారో, సరిగ్గా అదే తనకు కావలసినది కాదు కదా? నడక విసుగన్న రివ్యూ, నడక ఇష్టమైనవాడికి సిఫార్సు. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల లోపే అయితే, స్టీమ్ సాధారణంగా డబ్బు వాపసు ఇస్తుంది. ఆ 2 గంటలూ సొంత బుద్ధితో ఆడి చూడటం వేల రివ్యూలు చదవడం కంటే మేలు.

రివ్యూ రాసేవారికీ ఇదే వర్తిస్తుంది. కోపం దేని మీదో ఒక్క వాక్యంలో చెబితే ఆ కోపానికి విలువ పెరుగుతుంది. ఏం నచ్చిందో ఒక్క వాక్యంలో చెబితే ఆ ఇష్టానికీ విలువ పెరుగుతుంది. కారణం లేని చుక్కలు పెరిగేకొద్దీ, నిజంగా మోసపోయినవారి గొంతును కూడా ‘ఇదంతా రివ్యూ బాంబింగే’ అని కొట్టిపారేసే వీలు కంపెనీలకు దొరుకుతుంది. ఆటగాళ్ల చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం అలా మొద్దుబారుతుంది.

2016 చివర్లో ‘నో మ్యాన్స్ స్కై’లో ఒక ఖాళీ గ్రహం మీద దిగి, కనిపించిన జంతువుకు పేరు పెట్టిన ఆటగాడు తప్పేమీ చేయలేదు. డబ్బు వాపసు అడిగిన ఆటగాడూ తప్పు చేయలేదు. ఇద్దరూ ఒకే ఆట గురించి నిజమే చెప్పారు. రెండో అతని గొంతు రేటింగులో వినిపించింది. మొదటి అతని మాట వినాలంటే ఎవరో ఒకరు అతన్ని అడగాలి: ‘అందరూ తిట్టిన ఆట కదా, నీకు అందులో ఏం కనిపించింది?’